మారిషస్‌లో మబ్బు కమ్మకముందు

గత ఆగస్టులో మేము ముగ్గురం, అంటే నేను, నా భార్య, డెబ్బై రెండేళ్ల మా నాయన, అనంతపురం నుంచి బయలుదేరి మారిషస్‌లో తొమ్మిది రోజులు గడిపి వచ్చాం. సముద్రంలో ఆటల కన్నా, అగ్నిపర్వతం పొంగి పుట్టిన ఆ నేలను ఎత్తయిన చోట్ల నుంచి తనివితీరా చూడాలన్నదే మా కోరిక. నాయనకు మోకాళ్ల నొప్పి ఉండడం వల్ల, ప్రతి చోటా ఎన్ని మెట్లున్నాయి, కారు ఎంతవరకు పోతుంది అన్నదే మాకు మొదటి ప్రశ్న అయింది. పెద్దవారిని వెంటబెట్టుకుని వెళ్లేవారికి పనికొస్తాయని ఈ వివరాలు రాస్తున్నాను.

ప్రధాన ద్వీపం విస్తీర్ణం 1,865 చదరపు కిలోమీటర్లు, అంటే విడిపోకముందున్న మన అనంతపురం జిల్లాలో సుమారు పదో వంతు. ఇంత చిన్న చోట ఎక్కడ దిగినా ఒకటేనని మేము పొరబడ్డాం. ఆగ్నేయం నుంచి వీచే గాలులు నడిమి పీఠభూమిని తాకి పైకెగసి మబ్బుగా మారతాయి కాబట్టి, పడమటి తీరంలో ఎండ కాస్తున్న వేళకే కొండల మీద వాన పడుతూ ఉంటుంది. అందువల్ల అక్కడ ఏ చోటికి వెళ్తున్నామన్నది ఎంత ముఖ్యమో, ఏ వేళకు వెళ్తున్నామన్నదీ అంతే ముఖ్యం.

మొదటి నాలుగు రోజులు ఒక ట్రావెల్ ఏజెంటు కుదిర్చిన ప్యాకేజీలో ఉత్తరాన గ్రాండ్ బేలో ఉన్నాం. హోటల్‌కు వంక పెట్టలేను. గది శుభ్రంగా ఉంది, శాకాహారం అడిగితే విసుక్కోకుండా వండి పెట్టారు. అయితే మేము చూడదలచిన కొండలన్నీ నైరుతి మూలన ఉండడంతో, పోను గంటన్నర, రాను గంటన్నర దారిలోనే గడిచిపోయేది. పైగా ప్యాకేజీ వ్యాను మమ్మల్ని ఓడల బొమ్మలు అమ్మే దుకాణం దగ్గర, ఆ తరువాత నగల దుకాణం దగ్గర చెరో ముప్పావుగంట నిలబెట్టి, మధ్యాహ్నం ఒంటిగంటకు బ్లాక్ రివర్ గోర్జెస్ అనే లోయను పైనుంచి చూసే వ్యూ పాయింట్‌కు చేర్చింది. కమ్మీ పట్టుకుని నిలబడితే ఎదుట తెల్లటి మబ్బు తప్ప మరేమీ లేదు. ఏజెంటుకు ఫోన్ చేసి అడిగితే, చోటు చూపించాం కదా, వాతావరణం మా చేతిలో ఉందా అన్నారు. వాతావరణం ఎవరి చేతిలోనూ ఉండదు, నిజమే. కానీ దుకాణాలను మధ్యాహ్నానికి, కొండను ఉదయానికి పెట్టడం మాత్రం వారి చేతిలో ఉన్న పనే. ఒప్పందానికి ముందే రోజువారీ వేళలు రాయించుకోనందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

ఆ ప్యాకేజీలో మాకు దక్కిన మంచి చోటు క్యూర్‌పీప్ పట్టణంలోని ట్రూ ఓ సెర్ఫ్. ఆరువందల మీటర్లకు పైగా ఎత్తున, సుమారు మూడువందల మీటర్ల వెడల్పుతో, చల్లారిపోయిన అగ్నిపర్వతం నోరు అది. పొగ, సెగ ఉంటాయని ఆశపడి వెళ్లేవారికి నిరాశే మిగులుతుంది. లోపలి వాలు నిండా చెట్లు, అడుగున బురద నీటి మడుగు మాత్రమే కనిపిస్తాయి. కారు అంచు దాకా పోతుంది, చుట్టూ నడవడానికి చదునైన బాట ఉంది, కాబట్టి నాయన ఒక్క మెట్టు కూడా ఎక్కకుండా పూర్తిగా చుట్టి వచ్చారు. బాట పక్కన పడి ఉన్న ఒక నల్లరాయిని ఎత్తి, దాని ఒంటినిండా ఉన్న చిన్న చిన్న బొక్కలను గోటితో తడిమి, ఇది చెదలు తిన్న కట్టెలా ఉందే అన్నారు. లావా గడ్డకట్టేటప్పుడు అందులోని వాయువు బుడగలుగా నిలిచిపోయి ఏర్పడిన బొక్కలని చెప్పాను. ఆయన కాసేపు చూసి, ఆ రాయిని ఎత్తిన చోటే మళ్లీ పెట్టారు.

అయిదో రోజు మేము సొంత ఖర్చుతో షమరెల్ ఊళ్లో నాలుగు గదుల అతిథిగృహానికి మారాం. సాయంత్రమైతే దుకాణాలు మూసేస్తారు, రాత్రి చలి బాగానే ఉంటుంది, స్నానానికి వేడినీళ్లు సన్నగా వస్తాయి. అయినా రెండింటిలో ఏది ఎంచుకుంటావని అడిగితే తడుముకోకుండా షమరెల్ అనే చెబుతాను, ఎందుకంటే కొండలు అక్కడి నుంచి కూతవేటు దూరంలో ఉన్నాయి. రోజుకింత అని మాట్లాడుకున్న టాక్సీ డ్రైవరు పూర్వీకులు తెలుగువారు. ఆయనకు తెలుగు మాటలు కొన్నే వచ్చినా, ఇంట్లో రామభజనం, అమ్మోరు పండుగ ఇప్పటికీ జరుపుకుంటామని చెప్పి నాయన మనసు దోచుకున్నాడు. దారిలో ఆయన తినిపించిన ధోల్ పూరి, అంటే పప్పు పూర్ణం పెట్టి బెల్లం వేయకుండా పలుచగా కాల్చిన ఓళిగ లాంటిది, నాయనకు రోజూ కావలసి వచ్చింది.

మరుసటి ఉదయం ఏడున్నరకు అదే గోర్జెస్ వ్యూ పాయింట్‌లో మళ్లీ నిలబడ్డాం. గండికోటలో పెన్న ఎర్రరాతిని కోసిన తీరు తెలిసిన కంటికి, ఇక్కడ రాయి ఎక్కడా బయటపడకుండా కొండ చరియలన్నీ పచ్చటి అడవితో కప్పి ఉండడం వింతగా తోచింది. లోయ దిగువన పడమటి సముద్రం గీతలా మెరుస్తోంది. పొడవాటి తెల్లని తోకతో ఒక పక్షి మా పాదాలకన్నా కిందుగా, లోయ నడుమ ఎగిరిపోయింది. తోకలో గడ్డిపరక అనే అర్థం వచ్చే పేరుతో దాన్ని పిలుస్తారని డ్రైవరు చెప్పాడు. పక్షిని వీపు మీది నుంచి చూడడం నాకు అదే మొదటిసారి. ఎనిమిదిన్నరకు వెనుక నుంచి మబ్బు పాకుతూ వచ్చి తొమ్మిదికల్లా లోయను మూసేసింది, ప్యాకేజీ వ్యాన్లు అప్పుడు రావడం మొదలుపెట్టాయి.

షమరెల్‌లోని ఏడు రంగుల నేలకు టికెట్టు ఉంది. చిత్రాల్లో ఎడారిలా కనిపించినా అది రెండెకరాలకు మించదు. నల్లరాయి శిథిలమై మట్టిగా మారినప్పుడు మిగిలిన ఇనుము ఎరుపునూ, అల్యూమినియం నీలి ఊదానూ ఇచ్చాయి. ఏటవాలు ఎండలోనే ఆ రంగులు విడివిడిగా తెలుస్తాయి. దారిలో వచ్చే, సుమారు వంద మీటర్ల జలపాతమే నాకు ఇంకా నచ్చింది. గంగా తలావ్‌లో పాత అగ్నిపర్వతం నోట్లో నీరు నిండి ఏర్పడిన సరస్సు, 33 మీటర్ల శివుని విగ్రహం ఉన్నాయి. నాయన అక్కడ కదలనంటూ గంటసేపు కూర్చున్నారు.

556 మీటర్ల లె మోర్న్ కొండకు నేనొక్కడినే వెళ్లాను. బానిసత్వం నుంచి పారిపోయిన వారు దాక్కున్న ఆ కొండను 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. సగం దారి సులువే. చేతులతో రాతిని పట్టుకుని ఎక్కవలసిన చోట నేను వెనుదిరిగాను. నాయన తీరపు రోడ్డు మీది నుంచే దాన్ని చూశారు.

చివరి రోజు విమానాశ్రయానికి పోయే దారిలో, చెరకు తోటల మధ్య గోపురాల్లా పేర్చిన నల్లరాళ్ల కుప్పలు కనిపిస్తే నాయన కారు ఆపించారు. చేను దున్నేందుకు అడ్డొచ్చిన రాళ్లను కూలీలు ఏరి పేర్చినవని డ్రైవరు చెప్పాడు. మా వేరుశనగ చేలో ముప్పై ఏళ్లు రాళ్లు ఏరి గట్టుకు చేర్చిన మనిషి, కుప్ప దగ్గరకు వెళ్లి ఒక రాతి మీద అరచెయ్యి ఉంచి, బొక్కలున్నా బరువు మాత్రం మన రాయంతే ఉంటుంది, వీళ్ల నడుములు ఎంత నొచ్చి ఉంటాయో అన్నారు.