తెలుగు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొనేవాళ్లు ‘అవును/కాదు’ గడులు చూశాకే డబ్బు కట్టండి

మా ఎరువుల షాపు కోసం ‘పూర్తిగా తెలుగులో’ అని చెప్పి అమ్మిన డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ కొన్నాం. మెనూలు, బటన్లు, బిల్లు అన్నీ తెలుగులోనే ఉన్నాయి. ‘బాకీ తీరిందా?’ అన్న గడిలో మాత్రం ట్రూ, ఫాల్స్ అని ఇంగ్లీషులో వచ్చేది. మా గుమాస్తాకు ఇంగ్లీషు రాదు, అందుకని మార్చి ఇమ్మని అడిగాం.

వాళ్ల మనిషి రిమోట్‌లో వచ్చి ఏదో అప్‌డేట్ వేశాడు. అప్పటికి తెర మీద అవును, కాదు అని కనబడ్డాయి. సాఫ్ట్‌వేర్ మూసి మళ్లీ తెరిస్తే కొత్త ఎంట్రీలన్నిటి దగ్గరా ప్రశ్నార్థకాలు! ఫోన్ చేస్తే ఫాంట్ ప్రాబ్లం అన్నారు. మీకూ ఇదే చెప్తారు, నమ్మకండి. ఫాంట్ లేకపోతే అక్షరాల చోట ఖాళీ డబ్బాలు వస్తాయి. పైగా విండోస్ 8 నుంచి తెలుగు చూపించే నిర్మలా యూఐ ఫాంట్ విండోస్‌తోపాటే వస్తోంది. వరసగా ప్రశ్నార్థకాలు వచ్చాయంటే డేటాబేస్‌లోకి వెళ్లేటప్పుడే అక్షరాలు పోయి ఉంటాయి.

అసలు దెబ్బ బాకీల లిస్టు తీసినప్పుడు తగిలింది. డబ్బు కట్టేసిన రైతుల పేర్లు కూడా అందులో వచ్చాయి. పంట అమ్మగానే షాపుకొచ్చి లెక్క తేల్చుకుని వెళ్లిన పెద్దాయనకు గుమాస్తా మళ్లీ ఫోన్ చేశాడు. ఆయన రసీదు పట్టుకుని వచ్చి, నలుగురిలో మా ముందు పెట్టాడు. ఊళ్లో అప్పు ఎగ్గొట్టాడన్న మాట పడటం ఎంత కష్టమో మనకు తెలియనిది కాదు. ఆయనకు క్షమాపణ చెప్పాం గానీ, ఆ బాధ తీర్చేది కాదు.

తర్వాత మాకు తెలిసిన ప్రోగ్రామర్ అబ్బాయి డేటాబేస్ తెరిచి చూశాడు. డాట్ నెట్‌లో (విండోస్ సాఫ్ట్‌వేర్లు రాసే మైక్రోసాఫ్ట్ వేదిక) తేదీలు, అంకెలు విండోస్ రీజియన్ సెట్టింగ్‌ను బట్టి రూపం మారతాయట. బూలియన్ (అవును/కాదు రకం విలువ) మాత్రం మారదు, దాన్ని మాటగా మార్చే టుస్ట్రింగ్ పిలిస్తే ఏ భాషలోనైనా ట్రూ, ఫాల్స్ అనే ఇస్తుంది. తెలుగు మాటలు రిసోర్స్ ఫైల్‌లో (తెర మీది మాటలు విడిగా దాచే ఫైల్) పెట్టి, తెర మీద చూపించేటప్పుడు మాత్రమే మార్చాలి. డాట్ నెట్‌లో తెరలు తయారుచేసే పద్ధతుల్లో డబ్ల్యూపీఎఫ్ అయితే వాల్యూ కన్వర్టర్, విన్‌ఫార్మ్స్ గ్రిడ్ అయితే సెల్ ఫార్మాటింగ్ ఈవెంట్ ఆ పని చేస్తాయి. డేటాబేస్ లోపల మాత్రం అవునుకు 1, కాదుకు 0 అలాగే ఉండాలి.

ఈ కంపెనీవాళ్లు 1, 0 మాత్రమే పట్టే బిట్ కాలమ్‌ని అక్షరాలు పట్టే వార్‌చార్‌గా మార్చి, తెలుగు మాటనే అందులో దాచారు. వాళ్లు వాడిన ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్‌లో తెలుగుకు అన్ని భాషల అక్షరాలూ పట్టే ఎన్‌వార్‌చార్ వాడాలి, యూటీఎఫ్-8 అమరిక లేని మామూలు వార్‌చార్‌లో పెడితే ప్రశ్నార్థకాలే మిగులుతాయి. రిపోర్టు మాత్రం పాతపద్ధతిలో 1 కోసమే వెతుకుతోంది. దాంతో కొత్తగా తీరిన బాకీలన్నీ తీరనట్టే లెక్కకొచ్చాయి. అదృష్టం ఏమిటంటే గుణింతపు గుర్తులకు కూడా విడిగా ఒక్కో ప్రశ్నార్థకం పడుతుంది. 5 ప్రశ్నార్థకాలు ఉన్నచోట ‘అవును’, 4 ఉన్నచోట ‘కాదు’ అని పట్టుకుని ఆ అబ్బాయి లెక్కలన్నీ తిరిగి నిలబెట్టాడు.

కాబట్టి డెమోలో మెనూలు చూసి సరిపెట్టుకోకండి. ఒక బాకీ తీరినట్టు పెట్టించండి, సాఫ్ట్‌వేర్ మూసి తెరిపించండి, భాషను ఇంగ్లీషుకు మార్పించి అదే రిపోర్టు మళ్లీ తీయించండి. రెండు భాషల్లోనూ మొత్తం ఒకటే రావాలి. తేడా వస్తే అక్కడే లేచి వచ్చేయండి. ఎక్సెల్‌కి పంపించి, ప్రింటు తీయించి కూడా చూడండి. ‘స్టాక్ ఉందా?’ అన్న గడిలో ‘కాదు’ అని వస్తే, గడి గడికీ సరైన మాట పెట్టే ఏర్పాటు లేదన్నమాట. అక్కడ ‘లేదు’ అని రావాలి కదా. డేటాబేస్‌లో మాట దాస్తున్నారా, 1/0 దాస్తున్నారా అని సూటిగా అడిగి, జవాబు కొటేషన్ మీదే రాయించుకోండి.

ఇప్పటికే కొన్నవాళ్లు బ్యాకప్ తీసి చేతిలో పెట్టుకున్నాకే రిమోట్‌లో ఎవరినైనా రానివ్వండి. డబ్బు వెనక్కి ఇమ్మని మేం కంపెనీకి రాసి ఇచ్చాం, ఇంకా జవాబు రాలేదు.