పర్లాకిమిడిలో బైండింగ్ బాగుంది, మైనస్ గుర్తే పోయింది

అయనీకరణ చెందే, అంటే పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోయే వాయువుల్లో బలమైన షాక్ తరంగాల (ధ్వనికన్నా వేగంగా దూసుకెళ్లే ఒత్తిడి తరంగాల) గురించి ఎమ్మెస్సీ రోజుల్లో రాసుకున్న నోట్సు, 180 పేజీలు, పర్లాకిమిడి బస్టాండు దగ్గరి దుకాణంలో జిరాక్స్ తీయించి బైండింగ్ చేయించాను.

బైండింగ్‌కు వంక పెట్టలేను. నూలు కుట్టు, గట్టి అట్ట, వెన్నుకు గుడ్డ. బల్ల మీద తెరిస్తే చక్కగా పరుచుకుంటుంది. కొంప ముంచింది జిరాక్సే. పెన్సిలు గీతలు సగం లేచిపోయాయి. ఎంత వేడికి వాయువు ఎంత అయనీకరణ చెందుతుందో చెప్పడానికి 1920లో భౌతిక శాస్త్రవేత్త మేఘనాద్ సాహా ఇచ్చిన సమీకరణంలో ఘాతం ముందున్న మైనస్ మాయం! అది లేకపోతే చల్లబడేకొద్దీ అయనీకరణం పెరగాలి. మా నూతి గట్టు మీది గాలి కూడా ప్లాస్మా (ఎలక్ట్రాన్లు ఊడిన వాయువు) అయిపోవాలి. ఆర్గాన్ పేజీ మరీ ఘోరం. మామూలుగా ఆర్గాన్ లాంటి ఏకపరమాణుక (విడివిడి పరమాణువుల) వాయువును ఎంత బలమైన షాక్ తాకినా సాంద్రత 4 రెట్లు దాటదు. శక్తిలో కొంత ఎలక్ట్రాన్లను ఊడగొట్టడానికి ఖర్చయితే మాత్రం వేడి అంతగా పెరగదు, వాయువు ఇంకా నొక్కుకుపోయి ఆ హద్దు దాటుతుంది. గ్రాఫులో సరిగ్గా ఆ దాటే వంపే పడలేదు.

చూపిస్తే, "ఇంకుతో రాయాల్సింది మాష్టారూ" అన్నాడు యజమాని. ముప్పై ఏళ్ల కిందట చెప్పాల్సిన మాట! అయినా 11 పేజీలు డబ్బు తీసుకోకుండా ముదురుగా తీసి ఇచ్చాడు. పెన్సిలు రాత ఉంటే ముందు ఒక్క పేజీ తీయించి చూసుకోండి.