ఆభాలో అమ్మ రికార్డులు: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

అమ్మకు షుగరు, బీపీ ఎప్పటి నుంచో ఉన్నాయి. తర్వాత గుండెకు స్టెంటు పడింది. ఈమధ్య కిడ్నీల డాక్టరు కూడా జతయ్యారు. గుంటూరులో ఒకరు, హైదరాబాద్‌లో ఇద్దరు. ప్రతి చోటా ఒక ఫైలు, ఒక యూహెచ్‌ఐడీ నంబరు (పేషెంటుకు ఆస్పత్రి ఇచ్చే సొంత నంబరు). ఇవన్నీ ఒక్కచోట దొరుకుతాయని ఆభా, అంటే ప్రభుత్వం ఇచ్చే డిజిటల్ ఆరోగ్య ఖాతా, మొదలుపెట్టాను. ముందే చెప్పేస్తా: ఓపీ క్యూకు చాలా బాగుంది, ల్యాబ్ రిపోర్టులకు బాగుంది. అడ్మిట్ అయినప్పటి కేస్ షీటు కావాలంటే మాత్రం ఇప్పటికీ ఎంఆర్‌డీ (ఆస్పత్రిలో పాత రికార్డులు దాచే విభాగం) కిటికీ దగ్గర నిలబడాల్సిందే.

ఆభాను ఆయుష్మాన్ కార్డు అనుకునేవాళ్లు చాలామంది. అది ఐదు లక్షల వైద్య బీమా. ఇది 14 అంకెల నంబరు, దానికి తోడు ఈమెయిల్ ఐడీలా ఉండే ఒక అడ్రస్, అంతే. 2021 సెప్టెంబరు 27న దేశమంతటా మొదలైంది, నేషనల్ హెల్త్ అథారిటీ నడుపుతోంది. ఇంటికొచ్చిన ఆరోగ్య సిబ్బంది ఆధార్ అడిగి ఓటీపీ చెప్పించుకుని చేసిపెట్టిన నంబర్లు మా చుట్టాల్లో చాలామందికి ఉన్నాయి. ఉన్నట్టు వాళ్లకే తెలియదు.

రికార్డులన్నీ ఢిల్లీలో ఒక పెద్ద సర్వర్‌లో పడి ఉంటాయన్నది ఇంకో అపోహ. రిపోర్టు ఏ ఆస్పత్రిలో తయారైందో అక్కడే ఉంటుంది. ఇంకో డాక్టరు చూడాలంటే మన ఫోన్‌కు అనుమతి అడుగుతూ రిక్వెస్ట్ వస్తుంది. ఏ రకం రికార్డులు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎన్నాళ్లు చూడొచ్చు అన్నది మనం పెట్టుకోవచ్చు, తర్వాత వద్దనుకుంటే వెనక్కి తీసుకోవచ్చు. ఈ పద్ధతి నాకు నిజంగా నచ్చింది. కాకపోతే ఆస్పత్రి కంప్యూటర్‌లోకి ఎక్కనిది దానంతటది ఆభాలోకీ రాదు. ఎక్కినా వాళ్ల సాఫ్ట్‌వేర్ దీనికి కలిసి ఉండాలి.

పాత రికార్డులు కలుపుకోవడం దగ్గర నాకు ఎక్కువ తలనొప్పి వచ్చింది. ఆభా యాప్‌లో ఆస్పత్రి పేరు వెతికి నొక్కితే అక్కడి సిస్టమ్ మన పేరు, ఆడా మగా, పుట్టిన ఏడాది, మొబైల్ నంబరు పోల్చి చూస్తుంది. మన ఇళ్లలో ఈ నాలుగూ ఒకేలా ఎక్కడుంటాయి? ఆధార్‌లో ఇంటిపేరు ముందు, ఆస్పత్రిలో వెనక. ఇంకోచోట ఇంటిపేరు ఒక్క అక్షరమైపోయింది. వయసు ఎంతని కౌంటర్‌లో అడిగితే అమ్మ "అరవై ఉంటాయి రాసుకో నాయనా" అంటుంది, వాళ్లు అదే కొడతారు. "పేషెంటు తాలూకు ఎవరు?" అని పిలిస్తే ఆ రోజు ఎవరు తోడు వెళ్తే వాళ్ల ఫోన్ నంబరు ఎక్కుతుంది. ఒక ఆస్పత్రిలో అయితే అమ్మకు రెండు యూహెచ్‌ఐడీలు ఉన్నాయి. ఒకటి నా నంబరుతో, ఇంకోటి బావగారి నంబరుతో. ఆ రెండూ ఒకే మనిషివని రిసెప్షన్‌లో చెప్పి కలిపించేసరికి ప్రాణం విసిగింది. ఇప్పుడు ఎక్కడికి వెళ్లినా ఆధార్ తీసి దాన్ని చూసే కొట్టమంటాను. కొత్త రికార్డులకు ఇక ఆ గొడవ లేదు.

ఓపీ చీటీ సంగతి ఒక్క మాటలో చెప్పొచ్చు. గోడ మీద క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి వివరాలు షేర్ చేస్తే టోకెన్ వస్తుంది, పేరూ వయసూ మళ్లీ చెప్పే పని లేదు. పెద్ద ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లేవాళ్లు ఇంకేమీ వాడకపోయినా దీనికోసమైనా యాప్ పెట్టుకోవచ్చు.

ఇక కేస్ షీటు. అమ్మకు యాంజియో చేశాక కొన్నాళ్లకు కిడ్నీల డాక్టరు ఒక ప్రశ్న అడిగారు: డై (యాంజియోలో రక్తనాళాలు కనబడటానికి ఎక్కించే మందు) ఎక్కించిన తర్వాత మొదటి మూడు నాలుగు రోజుల్లో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష విలువ) ఎంత పెరిగింది? డిశ్చార్జ్ సమ్మరీ తీసి చూశాం. చేరిన రోజు విలువ, ఇంటికి పంపిన రోజు విలువ ఉన్నాయి, మధ్యవి లేవు. సమ్మరీ అంటే మొత్తం ఫైలులోంచి డ్యూటీ డాక్టరు ఏరి రాసిన రెండు పేజీలు. రోజువారీ నోట్సు, నర్సులు రాసే బీపీ చార్టు, ఏ మందు ఏ గంటకు ఇచ్చారు, మూత్రం ఎంత వచ్చింది, ఇవన్నీ కేస్ షీటులోనే ఉంటాయి. ఆ ఆస్పత్రిలో అది కాగితమే, కట్ట కట్టి ఎంఆర్‌డీలో పెట్టేశారు.

"సమ్మరీ ఇచ్చాం కదండీ, కేస్ షీటు బయటికి ఇవ్వం" అన్నాడు అక్కడి అబ్బాయి. పాపం, అతనికి అలాగే చెప్పి ఉంటారు. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లో ఈ విషయం స్పష్టంగా ఉంది. పేషెంటు గానీ, పేషెంటు తరఫున అధికారం ఉన్నవాళ్లు గానీ అడిగితే 72 గంటల్లో కాపీలు ఇవ్వాలి. అమ్మ సంతకంతో అర్జీ రాసి, అందినట్టు స్టాంపు వేయించుకున్నాను. జిరాక్సు డబ్బులు తీసుకుని ఇచ్చారు. అదే నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంటు రికార్డును చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్లు ఉంచితే చాలు. కాబట్టి ఆపరేషన్ లాంటిది జరిగితే తర్వాత చూద్దాంలే అనుకోకుండా ఆ ఏడాదే కాపీ తీసుకోండి.

యాంజియో వీడియో సీడీలో ఇచ్చారు. మా ఇంట్లో ఉన్న ఏ ల్యాప్‌టాప్‌కూ సీడీ డ్రైవ్ లేదు! ఆభాలోకి వచ్చింది రిపోర్టు మాత్రమే, బొమ్మలు రాలేదు. చివరికి తెలిసిన కంప్యూటర్ షాపులో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాం. ఈసీజీ కాగితం సంగతి కూడా చూసుకోండి. అది చాలాచోట్ల థర్మల్ పేపరు, ఎండ తగిలినా ప్లాస్టిక్ కవర్లో ఉంచినా గీతలు వెలిసిపోతాయి. ఇంటికి రాగానే ఫొటో తీసి యాప్‌లో మనమే అప్‌లోడ్ చేసుకోవచ్చు.

అన్నీ డిజిటల్ అయితే కాగితం పారేయొచ్చా అని మా తమ్ముడు అడుగుతుంటాడు. 2022 నవంబరులో సైబర్ దాడి జరిగినప్పుడు ఢిల్లీ ఎయిమ్స్‌లో దాదాపు రెండు వారాలు ఓపీ, ల్యాబ్ పనులు చేతిరాత మీదే నడిచాయి. అందుకే సమ్మరీలు, స్టెంటు కార్డు మా బీరువాలో అలాగే ఉన్నాయి.

నా రేటింగ్ ఐదుకు మూడున్నర. ఆ ఒకటిన్నర కోత ఆస్పత్రుల వాటా, యాప్‌ది కాదు. కొత్తగా పెట్టుకునేవాళ్లు ముందు ఒకటి చూసుకోండి: పెద్దవాళ్ల ఆధార్‌కు ఏ ఫోన్ నంబరు ఉందో. అమ్మ ఆధార్‌కు ఎప్పుడో మానేసిన పాత సిమ్ ఉండటంతో ఓటీపీ వచ్చే దారే లేకపోయింది. నంబరు మార్పించడానికి ఆవిణ్ణి ఆధార్ సెంటర్‌కు తీసుకెళ్లి వేలిముద్ర వేయించాల్సి వచ్చింది.