నడుం నొప్పి ఉన్నవాళ్ళు ఆ 12 వారాల "టోనింగ్ ప్లాన్" కొనకండి

పేరు చెప్పక్కర్లేదు, రీల్స్‌లో "నొప్పీ పోతుంది, నడుమూ సన్నబడుతుంది" అంటూ ఊదరగొట్టే కోచ్ గారే. ఒళ్ళు గట్టిపరిచే వ్యాయామాల ప్లాన్, 4,999 రూపాయలు. "మీ రిపోర్టు చూసి, మీ ఒక్కరి కోసమే తయారుచేస్తాం" అన్నారు. నడుం కింది భాగంలో ఎల్4-ఎల్5 వెన్నుపూసల మధ్య ఉండే మెత్త (డిస్క్) బయటికి ఉబ్బిందని, అంటే డిస్క్ బల్జ్ ఉందని, ఎంఆర్ఐ పంపాను, ఎడమ పిక్క దాకా లాగుతోందని కూడా రాశాను. నిన్న డబ్బు వేస్తే ఈ పొద్దున పీడీఎఫ్ దిగింది.

మొదటి పేజీలో నా పేరు, బంగారు రంగులో, ఇంతింత అక్షరాలతో. రెండో పేజీ తిప్పితే: "వయసు 24. బరువు 58 కిలోలు. లక్ష్యం: పెళ్ళిలోపు పొట్ట తగ్గాలి. గాయాలు, నొప్పులు: లేవు."

నాకు 43. పెళ్ళయి 18 ఏళ్ళు.

"ఇది ఇంకెవరిదో కదండీ?" అని అడిగితే "కోర్ ఎవరికైనా కోరే మేడమ్" అట (కోర్ అంటే పొట్ట, నడుం చుట్టూ ఉండే కండరాలు). డిస్క్ బల్జ్‌కి సిటప్స్ ఏంటంటే "నో పెయిన్ నో గెయిన్", పక్కన కండల బొమ్మ ఒకటి. రీఫండ్ అన్నానో లేదో, ఆయన ఫోటో మాయం. ఆ తర్వాతి మెసేజులన్నీ ఒక్క టిక్కు దగ్గరే ఆగిపోయాయి. ఎంఆర్ఐ ఫైలు అసలు తెరిచే ఉండడు మహానుభావుడు. ముందు ఒక్క శాంపిల్ పేజీ అడిగి ఉంటే తెలిసిపోయేది. బుద్ధి గడ్డి తింది.

ఇంతకీ అందులో ఏముందంటే, "నిద్ర లేవగానే" సిటప్స్ 20 చొప్పున మూడు సెట్లు, రెండు కాళ్ళూ కలిపి పైకెత్తడం 15 సార్లు, రష్యన్ ట్విస్ట్ 30, చివర్లో మోకాళ్ళు వంచకుండా పాదాలు అందుకోవడం. బల్జ్ ఉన్నవాళ్ళని మంచాన పడెయ్యాలంటే ఇంతకంటే మంచి వరస దొరకదు. రాత్రంతా పడుకున్నప్పుడు డిస్కులు నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతాయి, అందుకే లేచిన మొదటి గంటలో ముందుకి వంగడం అన్నిటికంటే ప్రమాదం. ఒక్కో సిటప్‌కి వెన్ను మీద పడే ఒత్తిడి 3,300 న్యూటన్ల దాకా ఉంటుందని కెనడాలో వాటర్లూ యూనివర్సిటీ ప్రొఫెసర్ స్టువర్ట్ మెక్‌గిల్ లెక్క తేల్చాడు, అంటే మూడొందల కిలోల పైమాటే. పైగా వంగినప్పుడల్లా డిస్కులోని జిగురు వెనక్కి, నరం వైపు జరుగుతుంది. వంగి మళ్ళీ మెలి తిప్పడం (అదే రష్యన్ ట్విస్ట్) ఇంకా ఘోరం. కాళ్ళు రెండూ ఎత్తినప్పుడు పొట్ట బలం చాలకపోతే నడుం నేల మీద నుంచి విల్లులా లేచిపోతుంది, ఆ బరువంతా వెన్నే మొయ్యాలి.

అదే మెక్‌గిల్ చెప్పిన వ్యాయామాలు మూడు ఉన్నాయి, ఎవరైనా ఊరికే నేర్పిస్తారు. కర్ల్-అప్: వెల్లకిలా పడుకుని ఒక మోకాలు వంచి, రెండోది చాచి, నడుం కింది ఖాళీలో అరచేతులు పెట్టి, తలా భుజాలూ నేల మీద నుంచి కాస్త లేపాలి, అంతే. అరచేతుల మీద ఒత్తిడి మారిందంటే నడుం వంగిపోయినట్టే. సైడ్ ప్లాంక్: పక్కకి తిరిగి పడుకుని, మోచేతి మీదా మోకాళ్ళ మీదా ఆనుకుని నడుం పైకి లేపి ఉంచాలి. బర్డ్ డాగ్: చేతులూ మోకాళ్ళూ నేలకి ఆనించి కుడి చెయ్యి, ఎడమ కాలు చాచాలి, తర్వాత అటుది ఇటు. నడుం మీద గ్లాసుడు నీళ్ళు పెట్టినా ఒలకనంత నిలకడగా. ఒక్కోటీ 10 సెకన్లు, మొదటి సెట్‌లో 6 సార్లు, తర్వాతి సెట్‌లో 4, ఆఖరి సెట్‌లో 2. తొడలు, పిరుదులు గట్టిపడాలంటే గ్లూట్ బ్రిడ్జ్ (వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు వంచి పిరుదులు పైకెత్తడం), చేతులకి గోడ పుషప్స్, రోజుకి మూడుసార్లు పదేసి నిమిషాల నడక. పొట్ట వ్యాయామం చేసినంత మాత్రాన ప్రత్యేకంగా పొట్ట దగ్గరి కొవ్వు కరగదు, ఆ మాట చెప్తే ప్లాన్లు అమ్ముడుపోవుగా.

చేస్తుంటే నొప్పి పిక్కలోంచి పైకి, నడుం దగ్గరికి వస్తే సరైన దారే. కిందికి దిగితే ఆపెయ్యండి. మూత్రం ఆగినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, పాదం పైకి లేవకపోయినా ఆ రోజే ఆసుపత్రికి.

డబ్బు యూపీఐలో వేశాను, అదింకో తెలివితక్కువ పని. క్రెడిట్ కార్డయితే బ్యాంకులో డిస్ప్యూట్ వేసుకునే దారైనా ఉండేది. 1915కి (జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్) ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. మీలో ఇంకెవరికైనా ఆ 24 ఏళ్ళ, 58 కిలోల అమ్మాయి పీడీఎఫ్ వచ్చి ఉంటే చెప్పండి, స్క్రీన్‌షాట్లన్నీ కలిపి పెడదాం.