ఎండల్లో మలం శాంపిల్ పోస్టులో పంపాలంటే కార్డా, ఫిట్టా, డీఎన్ఏ డబ్బానా? ఏది మేలు?

అమెరికాలో 45 ఏళ్లు వచ్చాయంటే పెద్దపేగు క్యాన్సర్ పరీక్ష చేయించుకోమంటారు. కొలనోస్కోపీ అంటే జంకే నాలాంటివాళ్లకు ఇంటికే కిట్ వస్తుంది, కాస్త మలం తీసి తిరిగి పోస్టు చేయడమే. "ఛీ, పోస్టులోనా!" అంది మా ఆవిడ. చిక్కు అది కాదు. మేముండేది టెక్సాస్, జూలైలో మెయిల్‌బాక్స్ రేకు ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంటుంది, ఇక లోపలి శాంపిల్ వేడికి పాడవదా?

మలంలో కంటికి కనిపించని రక్తాన్ని పట్టే పాత గ్వాయక్ కార్డుకి ఈ బాధ తక్కువే. పుల్లతో పల్చగా పూస్తే ఆరిపోతుంది, అది వెతికే హీమ్ (రక్తానికి ఎరుపునిచ్చే భాగం) అంత తొందరగా పాడవదు. కానీ మూడు విరేచనాల నుంచి తీయాలి, ఆ రోజుల్లో మటన్ తినకూడదు, సి విటమిన్ మాత్రలు మానాలి. ఇంగ్లండ్ 2019లోనే దీన్ని వదిలేసి ఫిట్ (FIT) అనే ట్యూబు పరీక్షకి మారింది.

ఫిట్‌కి పథ్యం లేదు, ఒక్క శాంపిల్ చాలు. అది మనిషి రక్తంలోని గ్లోబిన్‌నే పట్టుకుంటుంది. గ్లోబిన్ ప్రొటీన్ కదా, వేడికీ మలంలోని బ్యాక్టీరియాకీ చెడిపోతూ ఉంటుంది. ట్యూబులోని ద్రవం దాన్ని కొన్నాళ్లు కాపాడుతుంది, అంతే. ఇటలీలో ఫ్లోరెన్స్‌వాళ్లు లెక్క చూస్తే చలికాలం కంటే ఎండాకాలంలో పాజిటివ్‌లు తగ్గాయి. నాకు భయం వేసేది ఇక్కడే: రక్తం ఉన్నా "నెగటివ్" అని వస్తే మనం హాయిగా పడుకుంటాం. ఇంకోటి, పుల్ల మీది గాడుల్లో పట్టినంతే చాలు, మంచిదని ముద్దగా తీస్తే ఆ కాస్త ద్రవం సరిపోదు.

క్యాన్సర్ కణాల డీఎన్ఏ కోసం కూడా వెతికే డీఎన్ఏ డబ్బా (కొలోగార్డ్) అయితే మొత్తం విరేచనం డబ్బాలో పట్టి, సీసాడు ద్రవం పోసి, బిగించి కొరియర్‌కి ఇవ్వాలి. డీఎన్ఏ నిలవడం ఆ ద్రవం చలవే. కానీ అందులోనూ రక్తం కోసం వేరే చిన్న ట్యూబు ఉంటుంది, కాబట్టి ఎండ, ఆలస్యం దీన్నీ వదలవు. 2014లో వచ్చిన పెద్ద అధ్యయనంలో ఇది 100 క్యాన్సర్లలో 92 పట్టింది, ఫిట్ 74 పట్టింది. కాకపోతే ఏమీ లేనివాళ్లని కూడా ఇదే ఎక్కువగా కంగారుపెట్టింది. మూడేళ్లకోసారి చాలు, ఫిట్ ఏటా చేయాలి.

నా ఓటు ఫిట్‌కే, ఏటా గుర్తుపెట్టుకుని చేసేవాళ్లయితేనే సుమా. మరిచిపోయే రకమైతే డబ్బానే నయం. మలంలో రక్తం కంటికి కనిపిస్తున్నా, ఇంట్లో ఎవరికైనా ఈ క్యాన్సర్ వచ్చి ఉన్నా ఈ కిట్లతో కాలక్షేపం వద్దు, నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

పోయిన జూలైలో నేను శుక్రవారం రాత్రి శాంపిల్ తీసి, పొద్దున మెయిల్‌బాక్స్‌లో పెట్టి, పోస్టతను తీసుకెళ్లాలని దాని జెండా ఎత్తాను. పోస్టతను అప్పటికే వెళ్లిపోయాడు, సోమవారం దాకా అది ఎండకి ఉడికింది. పైగా ట్యూబు మీద తేదీ రాయలేదు. తేదీ లేకపోతే శాంపిల్ ఎన్ని రోజులదో ల్యాబ్‌కి ఎలా తెలుస్తుంది? పనికిరాదని ఉత్తరం వచ్చింది. ఈసారి సోమవారం పొద్దున తీసి, తేదీ రాసి, పోస్టాఫీసు లోపలికెళ్లి ఇచ్చొచ్చాను. ఆ రోజు సెలవైతే ఫ్రిజ్‌లో పెట్టొచ్చని మా కిట్ కాగితంలో ఉంది గానీ, పెరుగు గిన్నె పక్కన పెడితే ఊరుకోనని మా ఆవిడ ముందే చెప్పేసింది.