కరాకుమ్ ఎడారిలో తుర్క్‌మెన్ భోజనం

తుర్క్‌మెనిస్తాన్ వెళ్లేవాళ్లలో చాలామంది దర్వాజా దగ్గర ఏళ్ల తరబడి మండుతున్న గ్యాస్ గొయ్యి కోసమే వెళ్తారు. మేమూ అందుకే బయల్దేరాం. ఇప్పుడు ఎవరైనా అడిగితే మాత్రం తిండి కోసం వెళ్లమనే చెబుతాను. కాకపోతే ఎక్కడ తినాలో ముందే తెలుసుకుని వెళ్లాలి.

రాజధాని అష్గాబాత్‌లోని పాలరాతి హోటళ్లలో గదులకు వంక పెట్టలేం. భోజనమే నిరాశపరుస్తుంది. మేం దిగిన చోట మెనూ నిండా రష్యన్ సలాడ్లు, పిజ్జాలే. నగరంలో స్థానిక రుచి కావాలంటే గులిస్తాన్ బజారుకు వెళ్లండి, అందరూ రష్యన్ బజార్ అనే పిలుస్తారు. పాలకూర పెట్టి కాల్చిన గుతాప్‌లు అనే మడత రొట్టెలు, ఎండబెట్టి జడలుగా అల్లిన ఖర్బూజా అక్కడ దొరుకుతాయి.

అసలు వంట ఎడారిలో ఉంది. దేశంలో 70 శాతానికి పైగా కరాకుమే. గొర్రెలను, ఒంటెలను తోలుకుంటూ తిరిగినవాళ్లకు చేతిలో ఉన్నది మాంసం, పాలు, పిండి. పొయ్యిలోకి సాక్సావుల్ కట్టె. మాంసం పాడవకుండా దాని కొవ్వులోనే వేయించి, ఆ కొవ్వు కిందే నిల్వ చేసేవారు. అదే గొవుర్మా. ఒంటెపాలు పులియబెట్టి చల్ చేస్తారు. బాగా పులిసిన మజ్జిగలో సోడా పోసినట్టు నాలుకను చురుక్కుమనిపిస్తుంది. ఆ ఎండలో రెండో గిన్నె అడగకుండా ఉండలేం.

దర్వాజా దారిలో యెర్బెంత్ అనే ఊళ్లో ఒక ఇంట్లో భోజనం మా గైడు ఏర్పాటు చేశాడు. ఇంటావిడ వాకిట్లోని తామ్‌దిర్ అనే మట్టి పొయ్యిలో మంట తగ్గేదాకా ఆగి, గుండ్రటి రొట్టెను మధ్యలో ముళ్ల ముద్రతో గుచ్చి, నీళ్లు చిలకరించి, భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టి గోడకు అతికించింది. కాలాక తీసి గుడ్డలో చుట్టింది. ఆ రొట్టెను బోర్లా పెట్టకూడదు, కింద పడేయకూడదు. దొగ్రమాకైతే పల్చటి రొట్టెలను చేత్తో ముక్కలుగా తుంచి, పచ్చి ఉల్లిపాయ, ఉడికించి చీల్చిన మాంసం కలిపి పైన వేడి పులుసు పోస్తారు. బక్రీద్‌కు ఇంటిల్లిపాదీ కూర్చుని తుంచే వంటకం ఇది. మసాలా అంటే మిరియాలే, అయినా రుచికి లోటేమీ అనిపించలేదు.

రాత్రి గొయ్యి దగ్గర యుర్త్‌లనే గుండ్రటి గుడారాల క్యాంపులో పడుకున్నాం. స్నానానికి వీల్లేదు, టాయిలెట్ దూరం, తెల్లవారుజామున చలి గట్టిగానే ఉంటుంది. అక్కడి వంటవాళ్లు మాంసం, ఉల్లిపాయ కూరిన ఇష్లెక్లి అనే రొట్టెను కాపరుల పద్ధతిలోనే వేడి ఇసుకలో పూడ్చి కాల్చి, ఇసుక దులిపి ముక్కలు కోసి పెట్టారు. నగరంలో ఒక రాత్రి తగ్గించుకునైనా ఇక్కడ ఉండండి.

శాకాహారులకు ఈ దేశం కష్టమే. బజార్లో గుతాప్, రొట్టె, పెరుగు, పండ్లతో నెట్టుకురావాలి, సూప్ అన్నారంటే మాంసం పులుసే. కార్డులను నమ్ముకోకండి, డాలర్ నోట్లు తీసుకెళ్లండి. దర్వాజా రోడ్డు గుంతలమయం, నడుము నొప్పి ఉన్నవాళ్లకు టెన్షనే. ఖర్బూజాల కోసమైతే ఆగస్టు మంచిది, రెండో ఆదివారం అక్కడ ఖర్బూజాల పండగ కూడా చేస్తారు. కానీ ఎడారిలో బస ఉంటే ఏప్రిల్‌లోనో అక్టోబరులోనో వెళ్లండి.