పద్దెనిమిది మందితో జపాన్‌లో పదకొండు రోజులు

కిందటి నవంబరు మొదటి పక్షంలో మా డిగ్రీ కళాశాల చరిత్ర శాఖ నుంచి 16 మంది విద్యార్థులు, ఇద్దరు అధ్యాపకులం కలిసి జపాన్‌కు అధ్యయన యాత్ర చేశాం. టోక్యోలో దిగి, క్యోటో, నారా, కోయాసాన్, హిరోషిమా చూసుకొని, ఒసాకా దగ్గరి కన్సాయ్ విమానాశ్రయం నుంచి తిరిగి వచ్చాం. ఆ దేశం గురించి రాసేవారిలో ఎక్కువమంది ఒంటరిగానో జంటగానో తిరిగినవారే. పిల్లలను వెంటబెట్టుకొని ఇంతమందిమి ఒక్కసారిగా దిగితే ఏ ఊరు ఆదరిస్తుందో, ఏ ఊరు ఇరుకున పెడుతుందో మాకు అక్కడికి వెళ్లాకే తెలిసింది.

టోక్యో ఇరుకున పెట్టింది. హోటలు శుభ్రంగానే ఉంది, కింద నాణేలు వేసి బట్టలు ఉతుక్కునే యంత్రాలూ ఉన్నాయి. కానీ గదిలో ఒకరి పెట్టె తెరిస్తే రెండోవారు మంచం ఎక్కి కూర్చోవలసిందే. షింజుకు స్టేషనులో రైలు మారేటప్పుడు ఇద్దరు తప్పిపోయి 40 నిమిషాల తరువాత దొరికారు. ఆ రోజు నుంచి నలుగురైదుగురు చొప్పున జట్లు కట్టి, ప్లాట్‌ఫారం మీద కాకుండా బయటికి వచ్చే గేటు దగ్గర కలుసుకోవాలని నియమం పెట్టుకున్నాం. ఉయెనోలోని జాతీయ మ్యూజియానికి మాత్రం రోజంతా కేటాయించినా చాలలేదు. అందులో హోర్యూజీ ఆలయ సంపదను ఉంచిన విడి భవనంలో, మసక వెలుతురులో వరుసగా నిలబెట్టిన చిన్న చిన్న బంగారుపూత కంచు బుద్ధుల ముందు మా పిల్లలు మొదటిసారి మాటలు ఆపారు.

రైలు ఖర్చు గురించి ఒక మాట. విదేశీయులకు ఇచ్చే ఏడు రోజుల రైలు పాస్ ధర 2023 అక్టోబరులో 29,650 యెన్‌ల నుంచి 50,000 యెన్‌లకు పెరిగింది. మా దారి ఒకవైపే సాగేది కాబట్టి విడి టికెట్లే చవక అయ్యాయి. అంతకంటే మేలు చేసింది సామాను పంపించే సేవ. పెద్ద పెట్టెలన్నీ క్యోటోలోనే అప్పగించి, హిరోషిమా హోటలుకు చేరేలా చీటీ రాయించి, వీపు సంచులతో కోయాసాన్ కొండ ఎక్కాం. పెట్టెకు రెండు వేల యెన్‌లకు పైగానే అయింది, అయినా ఈ యాత్రలో అన్నిటికంటే తృప్తిగా ఖర్చు పెట్టిన సొమ్ము అదే.

క్యోటోలో రెండు పాత చెక్క ఇళ్లను అద్దెకు తీసుకున్నాం. టాటామి చాపల మీద పక్కలు పరుచుకొని పడుకోవడం పిల్లలకు పండగలా ఉంది గానీ, గోడలు పలచన. మా మాటలు వీధిలోకి వినిపిస్తున్నాయని రాత్రి తొమ్మిది దాటాక యజమాని ఎంతో మర్యాదగా సందేశం పంపారు. సిటీ బస్సుల్లో ఊరివాళ్లకే చోటు చాలడం లేదు, అందులోకి 18 మందిమి ఎక్కడం మాకే తప్పుగా తోచి రెండో రోజు నుంచి మెట్రో, నడకతో సరిపెట్టుకున్నాం. సంజూసాన్‌గెందో ఆలయంలో నిలువెత్తు కన్నోన్ (మన అవలోకితేశ్వరుడు) విగ్రహాలు వెయ్యి, వాటి మధ్య పెద్ద విగ్రహం ఒకటి ఉన్నాయి. వాటి చుట్టూ ఉన్న 28 మంది రక్షక దేవతల్లో గరుత్మంతుడు కరురాగా, బ్రహ్మ బొంతెన్‌గా, ఇంద్రుడు తైషకుతెన్‌గా దర్శనమిస్తారు. అక్కడ ఫోటోలు తీయనివ్వరు. అది మాకు కలిసి వచ్చింది, అందరూ నోటు పుస్తకాలు తీశారు.

నారాలో తప్పు మాదే. 752లో తొదాయ్‌జీ ఆలయ మహాబుద్ధుడికి నేత్రోన్మీలనం (విగ్రహానికి కళ్లు తెరిపించే క్రతువు) చేసినవాడు భారతదేశం నుంచి వెళ్లిన బోధిసేనుడు. ఆనాటి వస్తువులెన్నో దాగి ఉన్న శోసోయిన్ భాండాగారంలో నుంచి కొన్నింటిని ఏటా శరదృతువులో కొద్ది రోజులు మాత్రమే నారా జాతీయ మ్యూజియంలో ప్రదర్శిస్తారు. మేము వెళ్లింది సరిగ్గా ఆ రోజుల్లోనే. దానికి తేదీ, సమయం ఎంచుకొని ముందుగా టికెట్లు కొనుక్కోవాలని మాకు అక్కడికి చేరాక తెలిసింది. పిల్లలు జింకలకు బిస్కట్లు పెట్టి ఆనందించారు, నేను మ్యూజియం గోడ చూసి వెనుదిరిగాను.

భోజనాల విషయంలో మాకు ఏర్పాట్లు చేసిన సంస్థ మీద ఫిర్యాదు ఉంది. మాలో ఏడుగురు శాకాహారులని ముందే రాసి ఇచ్చినా, ‘శాకాహారం’ అని పెట్టిన నూడుల్స్ పులుసు ఎండు చేపతో కాచినదని మూడో రోజున గాని బయటపడలేదు. జపాన్ వంటలో దాషి అనే ఆ చారు దాదాపు అన్నిటికీ మూలం. ముక్కలు కనిపించనంత మాత్రాన చేప లేదని కాదు. అప్పటినుంచి ఆ ఏడుగురినీ ఉప్పు అన్నపు ముద్దలు, అరటిపళ్లు, ఇంటి నుంచి తెచ్చుకున్న కారప్పొడి కాపాడాయి.

కోయాసాన్‌లో ఆ కరవు తీరింది. సుమారు 800 మీటర్ల ఎత్తున, 9వ శతాబ్దంలో కూకై అనే భిక్షువు నెలకొల్పిన ఈ షింగోన్ (తాంత్రిక బౌద్ధ శాఖ) క్షేత్రంలో 50 దాకా ఆలయాలు యాత్రికులకు బస ఇస్తాయి. సాయంత్రం ఐదున్నరకే వడ్డన: నువ్వులతో చేసిన టోఫు, గడ్డకట్టించి ఆరబెట్టిన కోయా టోఫు, సముద్రపు నాచుతో కాచిన చారు. ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు. గదులకు తాళాలు లేవు, స్నానాలు ఉమ్మడి, చలి గట్టిది, ధర క్యోటో ఇంటికంటే ఎక్కువ. అయినా నా లెక్కలో మొదటి స్థానం దానిదే, ఎందుకంటే మా పాఠం మాకు అక్కడ ఎదురు వచ్చింది.

ఓకునోయిన్ శ్మశానంలో దేవదారు మానుల నడుమ రెండు కిలోమీటర్ల బాట, రెండు లక్షలకు పైగా సమాధులు. అయిదంతస్తుల రాతి గుర్తుల మీద ఏవో అక్షరాలు ఉన్నాయి. శాసనలిపులు నేర్చుకుంటున్న అమ్మాయి ఒకతి ఆగి, ‘‘సార్, అడుగున ఉన్నది అకారం కాదూ?’’ అంది. అవి సిద్ధం అనే ప్రాచీన భారతీయ లిపిలోని అ, వ, ర, హ, ఖ. పృథివి నుంచి ఆకాశం దాకా పంచభూతాల బీజాక్షరాలు. సమాధుల వెనుక నాటిన చెక్క పలకలను సొతోబా అంటారు, అది మన స్తూప శబ్దమే. మరునాటి తెల్లవారు పూజలో గోడన వేలాడుతున్న ఆచార్యుల పటాల్లో నాగార్జునుడు ఉన్నాడు. దక్షిణ భారతంలోని ఒక ఇనుప స్తూపంలో ఆయన తమ సూత్రాలను పొందాడని షింగోన్ సంప్రదాయం నమ్ముతుంది. అది అమరావతి స్తూపమే కావచ్చునని కొందరు పరిశోధకులు ఊహించారు. గుంటూరు నుంచి వచ్చిన పిల్లలకు ఆ గదిలో చలి మరిచిపోవడానికి అంతకంటే ఏం కావాలి? ఒక్క రాత్రే ఉండడం మా ప్రణాళికలోని పెద్ద లోపం.

హిరోషిమాలో శాంతి స్మారక మ్యూజియానికి ప్రవేశం 200 యెన్‌లు. తలుపులు తెరిచే వేళకే వెళ్లడం మంచిది, పొద్దెక్కితే వస్తువుల ముందు నిలబడనివ్వనంత జనం. బాంబు బాధితుల జ్ఞాపకాలను వారి నుంచే నేర్చుకొని తరువాతి తరాలకు చెప్పేవారిని అక్కడ దెన్‌షోషా అంటారు. ఉచితంగా, కొన్నిసార్లు ఆంగ్లంలోనూ మాట్లాడతారు. ఆ ప్రసంగం ముగిశాక మేము పోటు వేళ చూసుకొని పడవ మీద మియాజిమా ద్వీపానికి వెళ్లి, నీళ్లలో నిలిచిన తోరణాన్ని చూడవలసి ఉంది. ఇంకాసేపు ఇక్కడే ఉంటామని పిల్లలు అడిగారు. మేము ద్వీపం చేరేటప్పటికి నీరు వెనక్కి తీసింది, తోరణం దగ్గరికి బురదలో నడిచి వెళ్లాం.